సుస్థిరత మైనర్: వివాదానికి మూలం 50 పాఠాల పేపర్

బీఏ, బీకాం, బీఎస్సీ అనే తేడా లేకుండా ఏ డిగ్రీ విద్యార్థి అయినా సుస్థిరాభివృద్ధిని మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్)కు తోడు రెండో సబ్జెక్టుగా, చదివే వీలుండాలా, తప్పనిసరి పర్యావరణ పేపర్ ఉండగా మైనర్ అనవసరమా అన్న చర్చ మళ్లీ మొదలైంది. ఈ మేజర్, మైనర్ పద్ధతికి దారి వేసిన జాతీయ విద్యావిధానం గురించి అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లనక్కరలేదు. అసలు మలుపు అంతకు చాలా ముందే వచ్చింది.

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న తీర్పునిస్తూ, కళాశాలల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసే వీలును పరిశీలించాలని సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) సూచించింది. అమలులో ఏళ్లు గడిచిపోవడంతో మెహతా మళ్లీ కోర్టుకెక్కవలసి వచ్చింది. చివరకు అన్ని శాఖల డిగ్రీ విద్యార్థులకూ ఆరు నెలల కోర్సు 2004-05 నుంచి వచ్చింది. దాన్ని రూపొందించిన నిపుణుల సంఘంలో పర్యావరణ విద్యా నిపుణుడు ఎరాక్ బరూచాతో పాటు ఉస్మానియా వృక్షశాస్త్ర ఆచార్యులు సి. మనోహరాచారి కూడా ఉన్నారు.

కాగితం మీద అది మంచి సిలబస్సే. మొత్తం 50 పాఠాలు. నూరు మార్కుల్లో 25 క్షేత్ర పరిశీలనకే కేటాయించారు. నదినో కొండనో చూడాలి, దగ్గరలోని కలుషిత ప్రదేశానికి వెళ్లాలి, చుట్టుపక్కల మొక్కలను, పక్షులను గుర్తుపట్టాలి. కానీ చాలాచోట్ల ప్రత్యేక అధ్యాపకులు లేక, ఖాళీ పీరియడ్ ఉన్నవారికే ఆ పేపర్ అప్పగించారు. కొల్లేరు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు సైతం గైడులోని చెరువు బొమ్మను రికార్డులో దించి మార్కులు తెచ్చుకునే పరిస్థితి ఏర్పడింది. పర్యావరణం అంటే పాసైతే చాలనుకునే పేపర్ అన్న భావన అక్కడే స్థిరపడింది. నేటి వాదనలన్నీ ఆ నీడలోనే సాగుతున్నాయి.

యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన క్రెడిట్ల చట్రం మూడేళ్ల డిగ్రీలో మైనర్‌కు 24, నాలుగేళ్ల డిగ్రీలో 32 క్రెడిట్లు కేటాయించింది. క్రెడిట్‌కు 15 గంటల లెక్కన చూస్తే మూడేళ్లలో 360 గంటల బోధన. ఆంధ్రప్రదేశ్ కూడా 2023-24లో ఒకే మేజర్, దానికి తోడు మైనర్ పద్ధతికి మారింది.

అధ్యాపకులు లేకుండా మైనర్ పెడితే పాత పేపరే పొడవవుతుందని వ్యతిరేకించేవారు అంటున్నారు; ఆ భయం నిరాధారం కాదు. అయితే మైనర్ కోరేవారి వాదనకు బలమైన ఆధారం ఉంది. మార్కెట్ విలువలో తొలి వెయ్యి స్థానాల్లోని, స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలు 2022-23 నుంచి నీటి, విద్యుత్ వినియోగాన్ని, వ్యర్థాలను, ఉద్గారాలను వెల్లడిస్తూ సుస్థిరత నివేదిక ఇవ్వడాన్ని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఆ లెక్కలు చూడవలసింది ఎక్కువగా బీకాం చదివినవారే. ఒక బాయిలర్‌లో కాలిన బొగ్గు టన్నులు ఎంత ఉద్గారమవుతాయో లెక్కగట్టడం 50 పాఠాల్లో ఒక మూలన చెప్పి వదిలేసే విషయం కాదు. అందుకే మైనర్ కోరేవారు కోర్సుతో పాటు దాన్ని బోధించే పోస్టులనూ అడుగుతున్నారు. 2004లో కోర్సు వచ్చినప్పుడు చాలా కళాశాలలకు అందనివి ఆ పోస్టులే.