పండుగ రోజు షట్టర్ ఎత్తాలా? దుకాణాల సెలవులపై అపోహలు - వాస్తవాలు

బట్టల దుకాణాలకు, సూపర్‌మార్కెట్లకు సిబ్బంది షిఫ్టులు వేయడం, హాజరు, వేతనాల లెక్క చూడడం, కార్మిక శాఖకు పంపవలసిన కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. దసరాకు నెల ముందు మొదలయ్యే హడావిడి సంక్రాంతి దాటేదాకా తగ్గదు. ఆ నాలుగు నెలల్లో యజమానులు, ఫ్లోర్ మేనేజర్లు, కౌంటర్ల దగ్గర నిలబడే కుర్రకారు, చివరికి కొనడానికి వచ్చినవారు కూడా పండుగ సెలవుల గురించి చాలా నమ్మకంగా చెప్పే మాటల్లో సగానికి పైగా నిజం కావు. తరచుగా వినిపించే కొన్నింటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ప్రభుత్వం సెలవు ప్రకటించిందంటే దుకాణాలకూ సెలవే.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల్లో సెలవుల జాబితాలు మూడు రకాలుగా ఉంటాయి. ప్రభుత్వం ఏటా విడుదల చేసే సాధారణ సెలవుల ఉత్తర్వు ప్రభుత్వ కార్యాలయాలకు వర్తిస్తుంది. బ్యాంకులకు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద విడిగా సెలవులు ప్రకటిస్తారు. దుకాణంలో పనిచేసేవారికి సంబంధించినది మూడవది. అది 1974లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన కర్మాగారాలు, సంస్థల జాతీయ, పండుగ సెలవుల చట్టం. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి వంటి రోజులతోపాటు కొన్ని పండుగలకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. అయితే ఆ రోజు దుకాణం తాళం వేసి ఉండాలని ఇది ఎక్కడా శాసించదు. సెలవు రోజున పని చేయించుకోవచ్చు, కానీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి, పని చేసినవారికి రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు వేతనం ఇచ్చి మరో రోజు వేతనంతో కూడిన సెలవైనా ఇవ్వాలి. అంటే ఇక్కడ సెలవు హక్కు మనిషిది, భవనానిది కాదు. దీన్ని అర్థం చేసుకోని యజమాని "తెరిస్తే కేసు పెడతారా?" అని అడుగుతాడు, ఉద్యోగి "తెరిచారు కాబట్టి నాకు సెలవు లేదేమో" అనుకుని ఊరుకుంటాడు. ఇద్దరూ పొరబడినట్టే.

చట్టప్రకారం నిజంగా మూయవలసిన దుకాణాలు కొన్ని వేరే ఉన్నాయి. గాంధీ జయంతి నాడు మద్యం దుకాణాలు తెరవరు, హైదరాబాద్ నగరంలో మాంసం దుకాణాలూ మూస్తారు. 2025లో విజయదశమి సరిగ్గా అక్టోబరు 2నే వచ్చింది. దసరా అంటే ముక్క ఉండవలసిన తెలంగాణ ఇళ్లలో ఆ ఏడాది ఎంత చర్చ జరిగిందో, ముందు రోజు మటన్ దుకాణాల దగ్గర ఎంత పొడుగు వరుసలు కనిపించాయో హైదరాబాద్ వాళ్లకు చెప్పనక్కరలేదు.

అపోహ: తెలంగాణలో 24 గంటలూ దుకాణాలు తెరుచుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది కాబట్టి సిబ్బందికి ఇక పండుగ సెలవులు లేవు.

వాస్తవం: 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆ ఉత్తర్వు సడలించింది దుకాణం తెరిచే, మూసే వేళల నిబంధనను. దానికి ఏటా 10,000 రూపాయల రుసుము కట్టాలి. వారానికో సెలవు, పని గంటల పరిమితి, ఓవర్‌టైమ్ వేతనం, గుర్తింపు కార్డులు, రాత్రి షిఫ్టుకు మహిళల సమ్మతి, వారి రాకపోకలకు వాహనం వంటి షరతులు అందులోనే ఉన్నాయి. నోటిఫై చేసిన జాతీయ, పండుగ సెలవు రోజుల్లో పని చేసినవారికి బదులు సెలవు ఇవ్వాలన్నది కూడా ఆ షరతుల్లో ఒకటి. ఉత్తర్వు కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించిన దుకాణాల్లో షరతులున్న పేజీని మేనేజర్ చదివిన సందర్భాలు నాకు అరుదుగానే ఎదురయ్యాయి.

అపోహ: పండుగ రోజే గిరాకీ ఎక్కువ, ఆ రోజు మూస్తే ఏడాది లాభం పోయినట్టే.

వాస్తవం: ఇది సరుకును బట్టి మారుతుంది. దుకాణాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ చర్చ ఎప్పుడూ తేలదు.

చీర సంగతి చూడండి. కొన్న చీరకు ఫాల్ కుట్టించాలి, జాకెట్టు కుట్టడానికి ఇవ్వాలి, దర్జీలు పండుగకు వారం పది రోజుల ముందే "ఇక తీసుకోం" అనేస్తారు. కాబట్టి పండుగ చీరల అమ్మకం దర్జీ తలుపు మూసే రోజుకల్లా చాలావరకు అయిపోతుంది. ఆ తరువాత రద్దీ రెడీమేడ్ వైపు, పిల్లల బట్టల వైపు మళ్లి, ముందు రోజు రాత్రి దాకా సాగుతుంది. పండుగ నాడు ఉదయం బట్టల దుకాణానికి వచ్చేవారు చాలావరకు సైజు మార్చుకోవడానికో, మరిచిపోయిన లంగాకో బనియనుకో వచ్చినవారే. మధ్యాహ్నానికి మూడంతస్తుల దుకాణంలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అటువంటి దుకాణాన్ని సగం సిబ్బందితో నడపడమూ కుదరదు. తెరిచారంటే ప్రతి అంతస్తుకు మనుషులు, బిల్లింగ్, ట్రయల్ రూమ్ దగ్గర కాపలా, సెక్యూరిటీ, లిఫ్టు, జనరేటర్ చూసేవాడు, అందరూ కావాలి. ఆ రోజు బిల్లుల మొత్తం లోంచి రెట్టింపు వేతనం, కరెంటు ఖర్చు తీసేసి చూడమని నేను ఏ యజమానికైనా చెబుతాను. లెక్క వేసి చూసినవారు చాలామంది మరుసటి ఏడాది మధ్యాహ్నం నుంచైనా మూయడం మొదలుపెడతారు.

కిరాణా, పాలు, పెరుగు, పూలు, మిఠాయి వేరే కథ. ఇక్కడ పండుగ ఉదయమే అసలు బేరం, ఇంట్లో నెయ్యి నిండుకున్న సంగతి బూరెలు వేసే ముందే తెలుస్తుంది. వీటిని తెల్లవారుజామున తెరిచి మధ్యాహ్నం రెండింటికి మూయడం అందరికీ సరిపోతుంది. మందుల దుకాణాలు, పెట్రోలు బంకుల గురించి వాదనే లేదు, అవి ఉండాలి.

ఇంకొక రకం ఉంది. ఆ రోజున కొనడమే ఆచారమైన సరుకు. అక్షయ తృతీయ, ధనత్రయోదశి నాడు బంగారం దుకాణం మూయమంటే ఎవరూ ఒప్పుకోరు. వాహనాల షోరూమ్‌కు దసరా కూడా అలాంటిదే: బుకింగు నెల ముందే అయినా, ముహూర్తం చూసుకుని బండి తీసుకోవడానికి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపించుకుపోవడానికి జనం ఆ ఉదయమే వస్తారు. అక్కడ పనిచేసేవారికి దసరా నాడు సెలవు ఇస్తామనడం ఉత్తమాట. బదులుగా ఏకాదశి, ద్వాదశి రోజుల్లో వరుస సెలవులు ముందే ఖాయం చేసి ఇచ్చే షోరూమ్‌లు ఉన్నాయి, అదే నిజాయితీ గల పద్ధతి.

అపోహ: పండుగ రోజు మూసేస్తే సిబ్బందికి న్యాయం జరిగినట్టే.

వాస్తవం: ఈ ఒక్క విషయం మీద నేను కాస్త ఎక్కువగా రాస్తే పాఠకులు మన్నించాలి, ఎందుకంటే "మూయాలి" అని వాదించే మంచి మనసున్నవారు కూడా దీన్ని గమనించరు.

ఊళ్లో ఇల్లున్న సేల్స్ గర్ల్‌కు ఒక రోజు సెలవు సెలవే. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ పనిచేసే శ్రీకాకుళం అబ్బాయికి మాత్రం అది సెలవు కాదు. భోగి రాత్రి పదకొండింటిదాకా కౌంటర్ దగ్గర నిలబెట్టి, షట్టర్ దించాక విప్పిన చీరలు మడతలు పెట్టించి, స్టాక్ లెక్క చూపించి పన్నెండున్నరకు వదిలితే, సంక్రాంతి నాడు దుకాణం మూసినా అతనికి ఏం ఒరుగుతుంది? బస్సు దొరికినా ఊరు చేరేసరికి పండుగ మధ్యాహ్నం దాటిపోతుంది, కనుమ నాడు ప్రయాణం వద్దని ఇంట్లోవాళ్లు ఆపుతారు, మేనేజర్ మాత్రం ఆ ఉదయమే రావాలంటాడు. చివరికి ఆ అబ్బాయి హాస్టల్ మంచం మీద ఫోను చూస్తూ పండుగ గడుపుతాడు, రికార్డులో మాత్రం "పండుగ సెలవు ఇవ్వబడింది" అని ఉంటుంది.

స్త్రీల విషయం మరో తీరు. పండుగ నాడు దుకాణానికి రానక్కరలేకపోయినా, ముందు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన ఆమె నాలుగింటికి లేచి ఇల్లు కడిగి, ముగ్గు పెట్టి, పిండివంటలు చేయాలి. ఆ సెలవు ఆమెకు ఇంకో షిఫ్టు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగమని కూడా గుర్తుంచుకోవాలి. దుకాణాల్లో కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. మన దగ్గర ఇప్పటికీ కౌంటర్ వెనుక స్టూలు వేస్తే సోమరితనంగా చూసే యజమానులు ఉన్నారు.

అందువల్ల రోస్టర్ (షిఫ్టుల పట్టిక) వేసేటప్పుడు నేను మొదట అడిగేది పండుగ రోజు సంగతి కాదు. ముందు రోజు రాత్రి చివరి బిల్లు ఎన్నింటికి, సరుకు సర్దే పని ఎవరిది, దూరం వెళ్లేవారు ఏ రోజు బయలుదేరాలి అన్న మూడు ప్రశ్నలు. ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు బిల్లింగ్ ఆపి, మడతలు పెట్టే పనిని పండుగ తరువాతి ఉదయానికి వాయిదా వేస్తే అమ్మకాల్లో పోయేది చాలా తక్కువ. దూరపు జిల్లాల వారికి సంక్రాంతికి గాని దసరాకు గాని ఏదో ఒకదానికి వరుసగా నాలుగైదు రోజులు ఇచ్చి, రెండవ పండుగకు వారిని నగరంలోనే ఉంచడం ఒక్కొక్క రోజు ముక్కలుగా ఇచ్చేదానికన్నా ఎంతో మేలు. ఈ ఒప్పందం రైలు టికెట్లు దొరికే రోజుల్లోనే జరగాలి, వారం ముందు నోటీసు బోర్డు మీద పెడితే దానికి విలువ లేదు.

అపోహ: హిందువుల పండుగలకు ఇతర మతాలవారు, వారి పండుగలకు హిందువులు పని చేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: వినడానికి బాగుంటుంది, కొంతవరకు నడుస్తుంది కూడా. క్రిస్మస్‌కు, సంక్రాంతికి మార్చుకునే స్నేహితురాళ్ల జంటలు చాలా దుకాణాల్లో ఉంటాయి. కానీ సంఖ్య సరిపోదు. వందమందిలో పదిహేనుమందే ముస్లింలు, క్రైస్తవులు ఉన్న చోట ఆ పదిహేనుమందే ప్రతి సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి మోయవలసి వస్తుంది. రంజాన్‌కు మరో చిక్కు ఉంది. నెలవంక కనిపిస్తే గాని పండుగ ఏ రోజో తేలదు, కాబట్టి రెండు రోజులకూ రోస్టర్ సిద్ధంగా ఉంచాలి. రంజాన్ నెలంతా పత్తర్‌గట్టీ, చార్మినార్ ప్రాంతపు దుకాణాలవారు రాత్రుళ్లు తెరిచి ఉంచుతారు, పండుగ నాడు మూసేస్తారు. వారికి ఈ విషయంలో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఇప్పుడు బీహార్, ఒడిశా, అస్సాం నుంచి వచ్చిన సిబ్బంది పెరిగారు. బీహారీలకు దీపావళికన్నా ఆరవ రోజున వచ్చే సూర్యారాధన పండుగ ఛఠ్ ముఖ్యం, అడిగితే దీపావళికి సంతోషంగా పని చేసి ఛఠ్‌కు ఊరెళతారు. అస్సాం వారికి పంటల పండుగ మాఘ బిహూ సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది, కాబట్టి "వాళ్లది వేరే రాష్ట్రం, సంక్రాంతికి ఉంటారులే" అనుకోవడం పొరపాటు. మనిషిని అడగకుండా పేరు చూసి షిఫ్టు వేస్తే వచ్చే చిక్కులివి.

అపోహ: దసరా బోనస్ ఇచ్చాం కదా, పండుగ రోజు పనికి వేరే లెక్క ఎందుకు?

వాస్తవం: బోనస్ గడిచిన ఏడాది పనికి చెల్లించేది. 1965 నాటి చట్టం దానికి ఏడాది వేతనంలో 8.33 శాతం కనీసమని నిర్ణయించింది, 2019 వేతనాల కోడ్‌లోనూ అదే శాతం ఉంది. సెలవు రోజు పనికి రెట్టింపు వేతనమో బదులు సెలవో వేరే బాకీ. మిఠాయి పెట్టె ఈ రెండింటిలో దేనికిందకూ రాదు.

అపోహ: పాశ్చాత్య దేశాల్లో దుకాణాలు ఎన్నడూ మూయరు, మనమే వెనకబడి ఉన్నాం.

వాస్తవం: ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవడానికి వీల్లేదు. వీధి చివరి చిన్న దుకాణం తెరుచుకోవచ్చు. యజమాని తానే కూర్చునే కొట్టుకు, వందల మందిని రప్పించే పెద్ద దుకాణానికి తేడా చూపిన ఈ గీత నాకు చాలా సబబుగా తోస్తుంది. న్యూజీలాండ్‌లో చాలా దుకాణాలకు ఏడాదికి మూడున్నర రోజుల మూసివేత ఉంది: క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆదివారం, ఆన్‌జాక్ దినం (యుద్ధవీరుల స్మారక దినం) మధ్యాహ్నం ఒంటిగంట దాకా. జర్మనీ రాజ్యాంగమే ఆదివారాలను, పండుగలను విశ్రాంతి రోజులుగా కాపాడుతోంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం లేదు, అయినా మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, మెయిన్ రాష్ట్రాల్లో పెద్ద దుకాణాలు నవంబరు నాలుగవ గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ నాడు మూసే ఉంటాయి. ఒకప్పుడు ఆ మరుసటి రోజు జరిగే బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాలను గురువారం సాయంత్రానికే లాక్కొచ్చిన పెద్ద దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 2020 నుంచి ఆ రోజు మూస్తోంది, అలాంటిదే అయిన టార్గెట్ సంస్థ 2021లో ఇక ఎప్పటికీ తెరవబోమని ప్రకటించింది. కొనుగోళ్లు ఆన్‌లైన్‌కూ, ముందు వారాలకూ జరిగిపోయాక ఆ ఒక్క సాయంత్రం తెరిచినందువల్ల ఒనగూడేదేమీ పెద్దగా మిగలలేదు. మన చీరల దుకాణంలో దర్జీ గడువు చెప్పే లెక్కా దాదాపు ఇదే.

అపోహ: తెరవడం, మూయడం పూర్తిగా యజమాని ఇష్టం.

వాస్తవం: సొంత భవనంలో ఉంటే నిజమే. మాల్‌లో అయితే అద్దె ఒప్పందంలోనే మాల్ తెరిచి ఉన్నంతసేపూ దుకాణం నడపాలని, లేకపోతే జరిమానా అని రాసి ఉండడం మామూలు. అద్దె అమ్మకాల్లో వాటాగా ఉన్నచోట మాల్ యాజమాన్యానికి మూసివేత అసలు నచ్చదు. సినిమా హాళ్లు, ఫుడ్ కోర్టు పండుగ మధ్యాహ్నమే కిటకిటలాడతాయి కాబట్టి వారి వైపు నుంచి అది సహజమే. అయితే పై అంతస్తులో సినిమాకు వచ్చిన జనం కింద షర్టు కొనరు, నడుస్తూ అద్దాల్లోంచి చూసిపోతారు. కొత్తగా మాల్‌లో దుకాణం తీసుకునేవారు అద్దె రేటు మీద ఎంత బేరమాడతారో, ఏడాదికి కనీసం మూడు పండుగ రోజుల మూసివేతకు జరిమానా లేని వెసులుబాటు కోసం కూడా అంత బేరమాడాలి. సంతకం చేసే ముందు అడిగితే ఇస్తున్నారు, పండుగ వారంలో వెళ్లి అడిగితే ఒప్పందం తీసి చూపిస్తున్నారు.