కవరు మీద సంతకం: కాలిఫోర్నియా తెలుగు ఓటర్ల అపోహలు - వాస్తవాలు

పోస్టు ఓటు కవరు మీద మీరు పెట్టిన సంతకాన్ని ఎన్నికల ఆఫీసు తన రికార్డులో ఉన్న మీ సంతకాలతో పోల్చి చూస్తుంది. గొడవంతా అక్కడే.

"సంతకం కలవలేదని ఉత్తరం వచ్చింది, నా ఓటు పోయినట్టేగా?"

పోలేదు. ఆ ఉత్తరాన్ని చెత్త మెయిల్‌తో కలిపి పారేస్తేనే పోతుంది.

అప్పటికి మీ కవరు ఇంకా తెరవనే లేదు. మీరు ఎవరికి వేశారో సంతకం చూసేవాళ్లకి తెలిసే వీల్లేదు. ఉత్తరంతో పాటు సంతకం ధృవీకరణ పత్రం, స్టాంపు అక్కర్లేని తిరుగు కవరు ఉంటాయి. పత్రం నింపి, సంతకం పెట్టి, దాని మీద రాసిన గడువులోగా కౌంటీ ఎన్నికల ఆఫీసుకి పంపండి. పోస్టు, ఈమెయిల్, ఫ్యాక్స్, స్వయంగా వెళ్లడం, ఏదైనా సరే. అది కలిస్తే ఓటు లెక్కలోకి వస్తుంది, కొత్త సంతకం మీ రికార్డులోకీ ఎక్కుతుంది. కంగారు పడాల్సింది గడువు గురించే.

"సంతకం కలవకపోతే మెషీనే ఓటు తీసేస్తుందట." ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ, మెషీన్‌కి ఆ అధికారమే లేదు. అది కలవలేదన్న ప్రతి సంతకాన్నీ మనిషి కళ్లతో చూడాల్సిందే. సంతకం ఓటరుదేననుకుని మొదలుపెట్టమంటుంది చట్టం. కాదనాలంటే, రికార్డులోని అన్ని సంతకాలతోనూ కొట్టొచ్చినట్టు కనిపించే తేడాలు పలుచోట్ల ఉన్నాయని ఇద్దరు అధికారులు, సందేహానికి తావు లేకుండా, ఒకే మాట మీద చెప్పాలి.

చూసేది వాలు, అక్షరాల మధ్య ఎడం, కలం ఎత్తిన చోట్లు, చివర తోక లాగిన తీరు. ఇంటిపేరు ముందుకో వెనక్కో మారినా, పొడి అక్షరాలే పెట్టినా, ఆ ఒక్క కారణంతో తీసేయరు. వయసుతో వచ్చిన వణుకు, తొందర కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకని కొత్తగా, ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి పేరు రాయకండి. డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో) ఎలా గీకారో అలాగే గీకండి. రికార్డులో ఉన్నది తెలుగు సంతకమైతే తెలుగులోనే పెట్టండి.

అసలు తప్పులు డైనింగ్ టేబుల్ దగ్గర జరుగుతాయి. నలుగురి కవర్లూ ఒకేచోట పెట్టుకుని, పేరు చూడకుండా భార్య కవరు మీద భర్త సంతకం పెట్టేస్తాడు. అమ్మ కవరు మీద కొడుకు పెడతాడు, "పవర్ ఆఫ్ అటార్నీ ఉందిగా" అంటూ. అది ఇక్కడ చెల్లదు. చేయి ఆడనివాళ్లు తామే ఒక గుర్తు పెట్టి, పక్కన ఒక సాక్షి చేత సంతకం చేయిస్తే చాలు.

సంతకం పెట్టడమే మర్చిపోయారా? దానికీ ఇలాంటి ఉత్తరమే వస్తుంది. ఓటు కవరు జాడ చెప్పే రాష్ట్ర వెబ్‌సైటు 'వేర్ ఈజ్ మై బ్యాలెట్'లో ఫోన్ నంబరు ఇచ్చి పెట్టుకుంటే మీ కవరు ఎక్కడిదాకా వచ్చిందో మెసేజ్‌లో తెలుస్తుంది.