బియాట్రిస్ వుడ్ పాత్రల మెరుపు: అపోహలు - వాస్తవాలు

లస్టర్ గ్లేజు, అంటే మట్టి పాత్రల మీద లోహంలా మెరిసే గాజుపూత, నేర్పేటప్పుడు అమెరికన్ కళాకారిణి బియాట్రిస్ వుడ్ (1893–1998) చేసిన మట్టి పాత్రల ఫొటోలు ముందు చూపిస్తాను. చూసినవాళ్లు అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: టైటానిక్ సినిమాలో రోజ్ ఈవిడే.
వాస్తవం: ఆమె ఆ ఓడ ఎక్కనే లేదు. ముసలి రోజ్ పాత్రకు ఆ సినిమా దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆమె వ్యక్తిత్వం నుంచి కొంత తీసుకున్నారు, అంతే. 1917లోనే న్యూయార్క్‌లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాంతో కలిసి ‘ది బ్లైండ్ మ్యాన్’ పత్రిక తెచ్చిన మనిషి. బొమ్మలు గీశారు, లితోగ్రాఫులు (రాతి అచ్చు బొమ్మలు) వేశారు. అలాంటామెను సినిమా కబురుతో సరిపెట్టేస్తే నాకు మనసొప్పదు.

అపోహ: మట్టిపని చిన్నప్పుడే పట్టుబడాలి.
వాస్తవం: ఆమె మొదలుపెట్టింది 40 ఏళ్లకు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు వినడానికి హాలండ్ వెళ్లి, అక్కడ మెరిసే పళ్లేలు కొన్నారు. వాటికి జోడీగా టీపాట్ దొరక్కపోతే తానే చేసుకుందామని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దల క్లాసులో చేరారు. కుండల కళాకారులు గ్లెన్ లూకెన్స్, నాట్జ్లర్ దంపతుల దగ్గర పని నేర్చారు. 1948లో కృష్ణమూర్తి ఉండే కాలిఫోర్నియాలోని ఓహాయికే మకాం మార్చి, నూరేళ్లు నిండాక కూడా పని మానలేదు.

అపోహ: అది బంగారు పూత.
వాస్తవం: బ్రష్షుతో వేసే బంగారు రంగు వేరే సరుకు. వుడ్ వెండి, రాగి లాంటి లోహ లవణాలను గ్లేజులోనే కలిపేవారు. బట్టీలో గాలి తగ్గించి పొగ పెడితే, మంట తనకు చాలని ఆక్సిజన్‌ను గ్లేజులోని ఆ లోహ పదార్థాల నుంచే లాక్కుంటుంది. మిగిలిన లోహం గ్లేజు మీద పలచని పొరగా తేలుతుంది. నేను చల్లారే దశలో, 700 డిగ్రీల అటూ ఇటూ పొగ పెడతాను. కాస్త ఎక్కువైతే పాత్ర మసిబారుతుంది, తక్కువైతే మెరుపే రాదు. ఒకే బట్టీలో పక్కపక్కన పెట్టిన రెండు గిన్నెల్లో ఒకటి నెమలికంఠం రంగులో, ఇంకోటి ఇత్తడి రంగులో బయటికొస్తాయి. కొలతలు రాసుకోవడం ఎంత ముఖ్యమో పొగ రంగు చూసి పసిగట్టే కన్ను అంత ముఖ్యం.

అపోహ: కప్పులా ఉంది కదా, తాగొచ్చు.
వాస్తవం: తక్కువ వేడిలో కాలిన లస్టర్ పాత్రల నుంచి లోహాలు పానీయంలోకి దిగొచ్చు. పులుపు తగిలితే ఇంకా ఎక్కువ. ల్యాబులో పరీక్ష చేయించనిదే వాటిలో చారు, మజ్జిగ, నిమ్మరసం పోయకండి. మైక్రోవేవ్‌లో అసలే పెట్టకండి.