దీవి రిసార్ట్: మనవాళ్ల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

"అన్నా, రాత్రికి పన్నెండు వేలు పోసి వచ్చినాం. సముద్రం యాడికి పోయిందన్నా?"

కొన్నేళ్ల కిందట పొద్దున్నే ఏడు గంటలకు వచ్చిన ఫోన్ ఇది. చేసింది చంద్రగిరి నుంచి అండమాన్ వెళ్లిన కొత్త జంట. ముందురోజు మధ్యాహ్నం కాటేజీ ముందు కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా నీళ్లున్నాయట. తెల్లారి తలుపు తీస్తే తడి ఇసుక, నాచు పట్టిన రాళ్లు, గుంటల్లో నిలిచిన నీళ్లు, ఎక్కడో దూరంగా ఒక నీలం గీత. మోసపోయామనుకున్నారు పాపం. "స్నానం చేసి టిఫిన్ తినేసి రండి, మధ్యాహ్నానికి అదే వస్తుంది" అన్నాను. వచ్చింది.

నేను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఒక రిసార్ట్ ఫ్రంట్ ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. 2018 డిసెంబరులో పేరు మార్చకముందు అది హేవ్‌లాక్. ఇప్పుడు తిరుపతి గాంధీ రోడ్డులో కూర్చుని మనవాళ్లకు దీవుల ప్యాకేజీలు చూస్తున్నాను. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సీ వ్యూ రూమ్ తీసుకుంటే ఎప్పుడంటే అప్పుడు నీళ్లలో దిగొచ్చు.

వాస్తవం: రూమ్ మనది, నీళ్లు మనవి కావు. అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు ఆటుకు వెనక్కి పోతుంది. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి దాపుల్లో తేడా తక్కువ. ముహూర్తాలకు పంచాంగం చూసే మనవాళ్లు హనీమూన్‌కు చూడరు, అదే నాకు నవ్వొచ్చే విషయం. స్వరాజ్ ద్వీప్‌లో చాలా రిసార్టులు తూర్పు ఒడ్డున, విజయనగర్ బీచ్ వైపు ఉంటాయి. అక్కడ లోతు తక్కువ కాబట్టి ఆటు వేళ నీళ్లు చాలా దూరం పోతాయి. రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంది. ఇసుక నేల, స్నానానికి అదే నయం. రిసార్ట్ వాళ్లు మీకు పంపే ఫోటోలన్నీ పోటు వేళ తీసినవే. నేనూ అలాగే తీసి పంపేవాణ్ని, దాచడమెందుకు. బుక్ చేసేముందు ఆ తేదీల్లో ఆటుపోట్ల టైమ్ ఏమిటని ఫోన్‌లో అడగండి. జవాబు చెప్పలేని రిసార్ట్ అయితే నేను రెండోసారి ఆలోచిస్తాను.

అపోహ: సాయంత్రం ఆరింటికి తీరిగ్గా బీచ్‌కెళ్లి సూర్యాస్తమయం చూడొచ్చు.

వాస్తవం: డిసెంబరులో అక్కడ ఐదింటికల్లా పొద్దు గూకిపోతుంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందుంటాడు. అండమాన్ మన తిరుపతికి 13 డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన దాదాపు 50 నిమిషాల తేడా. మధ్యాహ్నం భోజనం చేసి ఓ కునుకు తీసి లేస్తే చీకటే. రాధానగర్‌కు మూడింటికే బయల్దేరండి. అదే లెక్కలో తెల్లవారుజామున ఐదున్నరకే వెలుతురు. సుప్రభాతం వేళకు లేచే అలవాటున్న మన ఊరి పెద్దవాళ్లకు ఈ దీవి బాగా నప్పుతుంది.

అపోహ: చుట్టూ అడవి కదా, పులో చిరుతో వస్తే?

వాస్తవం: అలిపిరి మెట్ల దారిలో చిరుత భయం ఎరిగిన ఊరు మనది, ఈ అనుమానం సహజమే. అండమాన్ అడవుల్లో పులీ లేదు, చిరుతా లేదు. పాములున్నాయి, కాబట్టి రాత్రి కాటేజీ నుంచి డైనింగ్ హాలుకు వెళ్లేటప్పుడు టార్చ్ తప్పనిసరి. అసలు జాగ్రత్త పడాల్సింది మడ అడవుల కాలువల దగ్గర, ఉప్పునీటి మొసళ్లతో. 2010లో స్వరాజ్ ద్వీప్‌లోనే ఒక విదేశీ టూరిస్టు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, లైఫ్‌గార్డ్ వద్దన్న చోట దిగొద్దు, అంతే. రోజువారీ బాధ మాత్రం ఇసుక దోమలది. కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు దద్దుర్లు. గోకితే వారం. కొబ్బరినూనె రాసుకుని వెళ్లండి, పొద్దుగూకే వేళ ఇసుకలో పడుకోకండి.

ఆ అడవిలో పెద్ద పెద్ద వేళ్లు గోడల్లా లేచి నిలబడ్డ చెట్టు కనిపిస్తే అది పడౌక్ కావచ్చు. మన శేషాచలం ఎర్రచందనానికి దగ్గర చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. ఈ ముక్క చెప్తే మనవాళ్లు చెట్టును ఆగి చూస్తారు, "ఇక్కడ దొంగలు లేరా?" అని కూడా అడుగుతారు.

ఇంకో వనవాసి గురించి చెప్పాలి. ఆకుపచ్చ బల్లి. పగలే తిరుగుతుంది, కాటేజీ గోడల మీద దర్జాగా ఉంటుంది. మన చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన భుజం మీద పడింది. ఆయన రిసెప్షన్‌కు వచ్చి అడిగింది డాక్టర్ని కాదు, "కుడి భుజం మీద పడితే ఫలమేంటి సామీ?" అని. బల్లిశాస్త్రం నాకు రాదు. ఆయన ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, మంచిదేనట అంటూ నవ్వుతూ పోయారు.

అపోహ: బీచ్‌లో ఏనుగు ఈదుతుంది.

వాస్తవం: ఈదేది. పేరు రాజన్. ఒకప్పుడు కలప లాగడానికి తెచ్చిన ఏనుగు. 2016లో చనిపోయింది. ఫోటోలు మాత్రం ఇప్పటికీ ప్యాకేజీ పాంప్లెట్లలో ఈదుతూనే ఉన్నాయి.

అపోహ: "అండమాన్ నికోబార్ ప్యాకేజీ" అంటే రెండూ చూపిస్తారు.

వాస్తవం: నికోబార్ ఆ ప్యాకేజీల్లో ఉండదు, అక్కడ చాలా భాగం గిరిజనుల రిజర్వు ప్రాంతం. ప్యాకేజీలో చూపించే అండమాన్ దీవులకు మనకు పాస్‌పోర్టూ అక్కర్లేదు, వీసా అక్కర్లేదు.

అపోహ: చివరి రోజు పొద్దున దీవి నుంచి ఫెర్రీ ఎక్కి, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో ఫ్లైట్ పట్టుకోవచ్చు.

వాస్తవం: ఇది నేనే చేసిన తప్పు. పుత్తూరు కుటుంబం, ఆరుగురు, అక్టోబరు నెల. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని ఉదయం ఫెర్రీ వేశాను. గాలి లేచింది, ఫెర్రీ రద్దయింది. చెన్నై ఫ్లైట్ ఖాళీ సీట్లతో వెళ్లిపోయింది. కొత్త టికెట్లలో సగం డబ్బు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఎవరు ఎంత బతిమాలినా చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే వేస్తాను. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, టికెట్ మీద ఏది కనిపించినా కంగారు పడకండి. అక్కడ రెండు రుతుపవనాలూ కురుస్తాయి. మే నడిమి నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, ఆ తర్వాత మన నవంబరు వానలు తెచ్చే ఈశాన్యం ఇంకొకటి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మది.

అపోహ: మన తిండి దొరకదు, మన మాట ఎవరికీ రాదు.

వాస్తవం: శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. 2011 జనాభా లెక్కల్లో ప్రతి పదిమందిలో ఒకరికి పైగా మాతృభాష తెలుగే. మా రిసార్ట్ వంటింట్లో పప్పు తాలింపు వేసేది పలాస ఆయన. కూరగాయలు మాత్రం చాలావరకు ఓడల్లో రావాలి, అందుకే మెనూలో రేటు చూసి తిట్టుకోకండి.

అపోహ: ఒడ్డున పడున్న గవ్వే కదా, ఒకటి తెచ్చుకుంటే ఏం?

వాస్తవం: పగడం ముక్క తేవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికితే బ్యాగు విప్పిస్తారు. ఖాళీ గవ్వ కూడా ఖాళీ కాదు, అది ఏదో ఒక పీతకు రేపటి ఇల్లు. మా గెస్ట్ ఒకామె కిటికీలో ఆరబెట్టిన గవ్వ రాత్రికి రాత్రి నడిచి మంచం కిందకు చేరింది. ఆమె వేసిన కేకకు పక్క కాటేజీల వాళ్లు కూడా లేచారు.

అపోహ: మాల్దీవులూ అండమానూ ఒకటే, రేటే తేడా.

వాస్తవం: మాల్దీవుల్లో కొండల్లేవు, ఇలాంటి అడవుల్లేవు. నేల చాలాచోట్ల సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తే. ఒక్కో రిసార్ట్‌కు ఒక్కో దీవి. వీసా అక్కడ దిగగానే ఇస్తారు. మన తిరుపతి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది: పూజకు విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు, అది అక్కడి కస్టమ్స్ నిబంధన. మొన్న ఒక అమ్మగారు హ్యాండ్‌బ్యాగులో బొటనవేలంత వెంకన్న విగ్రహంతో వచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆయన లేకుండా గడప దాటలేదట. చాలాసేపు ఆలోచించి, నా టేబుల్ మీద కాగితం పరిచి దాని మీద కూర్చోబెట్టి వెళ్లారు. వారం రోజులు మా కుర్రాడు పొద్దున్నే షట్టర్ తీసి ముందు ఆయనకు అగరబత్తి వెలిగించి, తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాడు.