తినేది తక్కువే, ఒళ్ళు మాత్రం వస్తోంది

మా పిన్నికి 46వ ఏట మొదలైంది. పొద్దున్న లేచేసరికే రాత్రంతా రాళ్ళు మోసినట్టు ఉండేది. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి అయ్యేది కాదు. రెండేళ్ళలో ఏడు కిలోలు పెరిగింది. "తినేది తక్కువే, ఒళ్ళు మాత్రం వస్తోంది" అని ఎవరితో అన్నా రెండే జవాబులు వచ్చేవి. ఒకటి "వయసు కదా". రెండోది "థైరాయిడేమో చూపించుకో". మొదటి మాట నమ్మి ఏడాది ఊరుకుంది. రెండో మాట విని పరీక్ష చేయించుకుంటే నిజంగానే థైరాయిడ్ లోపం బయటపడింది, మాత్ర మొదలైంది. ఆ తర్వాత ఆరు నెలలకి రెండు కిలోలు తగ్గింది. మిగతా ఐదు కిలోలు అలాగే ఉన్నాయి. నీరసం కూడా సగమే పోయింది.

ఆ మిగతా సగం ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాక, నడివయసు ఆడవాళ్ళ అలసట గురించి నాకెంత తక్కువ తెలుసో అర్థమైంది.

ముందు ఆ గ్రంథి సంగతి. "నాకు థైరాయిడ్ ఉంది" అని అంటుంటాం. అది రోగం పేరు కాదు, అందరి మెడలోనూ గాలిగొట్టాన్ని హత్తుకుని ఉండే చిన్న గ్రంథి పేరు. దాని బరువు 20 గ్రాముల చుట్టూ ఉంటుంది. శరీరంలోని కణాలు ఎంత వేగంగా శక్తిని ఖర్చు చేయాలో దాని హార్మోన్లే చెబుతాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పని చెయ్యమని తాఖీదు పంపుతూ ఉంటుంది. ఆ తాఖీదే టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగిస్తే తాఖీదులు పెరుగుతాయి. అంటే రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంటే థైరాయిడ్ పని తక్కువగా ఉన్నట్టు. "థైరాయిడ్ పెరిగింది" అనే మన మాట దీన్ని సరిగ్గా తిరగేసి చెబుతుంది. దాంతో మాత్ర దాన్ని తగ్గించడానికి ఇచ్చారనుకుని, కాస్త బాగుండగానే మానేసేవాళ్ళని నేను చూశాను.

ఈ జబ్బుని వైద్యశాస్త్రం గుర్తించింది కూడా నడివయసు ఆడవాళ్ళలోనే. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ ఐదుగురు స్త్రీల గురించి రాశాడు. మనిషి మందగించిపోవడం, ముఖం ఉబ్బడం, మాట బరువెక్కడం ఆయన గమనించిన లక్షణాలు. ఐదేళ్ళ తర్వాత విలియం ఆర్డ్ అలాంటి రోగుల చర్మంలో జిగురులాంటి పదార్థం పేరుకుని ఉండడం చూసి దానికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. 1891లో న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ళ ఒక మహిళకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుంది. ఆ తర్వాత 28 ఏళ్ళు బతికి, 1919లో 74వ ఏట గుండె జబ్బుతో కన్నుమూసింది. అన్నేళ్ళలో ఆమెకి వాడిన రసం కోసం 870కి పైగా గొర్రెల థైరాయిడ్లు కావలసివచ్చాయి. మా పిన్ని అదే వయసులో మొదలైన అదే జబ్బుకి, పొద్దున్నే చిన్న మాత్ర ఒకటి వేసుకుంటుంది. ఆ మాత్రలో ఉండే థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్‌ను ప్రయోగశాలలో తయారు చేయడం 1927లో బ్రిటన్‌లో సాధ్యమైంది.

ఆర్డ్ చూసిన ఆ జిగురు పదార్థం దగ్గర ఇంకాసేపు ఆగాలి. అది నీటిని పట్టి ఉంచుతుంది. "ఒళ్ళు నీరు పట్టింది" అని మన పెద్దవాళ్ళు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. థైరాయిడ్ లోపంలో పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పు, నీరు. అది కూడా మామూలుగా రెండు నుంచి ఐదు కిలోల దాకానే, లోపం తీవ్రంగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి పదిహేను కిలోలు పెరిగి, టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువ ఉంటే, ఆ పదిహేనునీ థైరాయిడ్ ఖాతాలో వేయడం కుదరదు. మాత్ర వేసుకున్నా బరువు తగ్గలేదని కుమిలిపోయే ఎందరో ఆడవాళ్ళకి ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పరు. మాత్ర తన పని తాను చేసింది. మిగతా బరువుకి కారణం వేరే చోట ఉంది.

"అయోడిన్ ఉప్పే వాడుతున్నాం కదా, మరి ఎందుకొచ్చింది?" అని పిన్ని అడిగింది. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట్ల ఎక్కువమందిలో కారణం అది కాదు. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమొటో నలుగురు స్త్రీల గ్రంథుల్లో తెల్ల రక్తకణాలు గుంపులు కట్టి ఉండడం చూసి రాశాడు. అది సొంత ఒంటి మీద దాడి అని తేలడానికి 1956 దాకా పట్టింది. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో జరిగిన ఒక పెద్ద సర్వేలో, పెద్దవాళ్ళలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం కనిపించింది. ఆడవాళ్ళలో, 35 దాటినవాళ్ళలో మరీ ఎక్కువ.

సరే, మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు దిగిరావడం లేదు? పిన్ని విషయంలో జవాబు వంటింట్లోనే దొరికింది. ఆవిడ మాత్రని ఫిల్టర్ కాఫీతో మింగుతోంది. ఆ వెంటనే మోకాళ్ళ నొప్పులకని కాల్షియం బిళ్ళ వేసుకుంటోంది. కాఫీ థైరాక్సిన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కాల్షియం, ఐరన్ అయితే పేగులోనే దాన్ని పట్టేసుకుంటాయి. ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. కాల్షియం, ఐరన్ బిళ్ళలకి నాలుగు గంటల దూరం పాటించాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించుకోవాలి. థైరాక్సిన్ మన ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది గనుక అంతకంటే ముందు చూస్తే అసలు లెక్క తేలదు. ఇంకొక సంగతి: జుట్టు రాలుతోందని వాడే బిళ్ళల్లో చాలావరకు బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. అది కొన్ని రకాల రక్తపరీక్షలని తప్పుదోవ పట్టించి థైరాయిడ్ రిపోర్టునే మార్చేస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు నుంచి దాన్ని ఆపాలి. ల్యాబ్‌లో అడగరు, మనమే చెప్పాలి.

నీరసంలో రెండో భాగం రక్తంలో దొరికింది. నెలసరి పూర్తిగా ఆగడానికి ముందు కొన్నేళ్ళపాటు అండం కొన్ని నెలల్లో విడుదల కాదు. అలాంటి నెలల్లో ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారవదు. దాంతో గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిపోయి, చివరికి ఊడినప్పుడు రక్తస్రావం విపరీతంగా ఉంటుంది. ఇదివరకు మూడు రోజులుండేది ఎనిమిది రోజులవుతుంది, గడ్డలు పడతాయి. "పోయే ముందు అంతేలే" అని ఊరుకుంటారు. ప్రతి నెలా అంత రక్తంతో పాటు ఒంట్లోని ఇనుము కూడా పోతుంది. మన దగ్గర ఆ నిల్వ మొదటినుంచీ తక్కువే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పదిమందిలో ఆరుగురికి రక్తం తక్కువగా ఉన్న సమాజంలో నీరసాన్ని వయసు మీదకి నెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పిన్ని హిమోగ్లోబిన్ 12.1. రక్తహీనత గీత 12 దగ్గర ఉంటుంది కాబట్టి "నార్మల్" అన్నారు. కానీ ఇనుము లెక్కలో హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఉన్న డబ్బు, ఫెరిటిన్ అంటే బ్యాంకులో ఉన్న నిల్వ. చేతిలో డబ్బు ఆడుతుండగానే బ్యాంకు ఖాళీ కావచ్చు. ఆవిడ ఫెరిటిన్ 9 మాత్రమే ఉంది. హిమోగ్లోబిన్ బాగుండి ఫెరిటిన్ తక్కువున్న స్త్రీలకి ఐరన్ ఇచ్చి చూసిన పరిశోధనల్లో అలసట తగ్గింది. థైరాయిడ్ హార్మోన్ తయారు చేసే ఎంజైముకి కూడా ఇనుము కావాలి, కాబట్టి ఈ రెండు లోపాలూ ఒకదానికొకటి తోడవుతాయి. భోజనం కాగానే టీ తాగే అలవాటు, తిన్నదాంట్లోని ఇనుముని ఒంటికి అందకుండా చేస్తుంది. ఆవిడ ఆ టీని సాయంత్రానికి మార్చుకుంది.

ఇక ఆ ఐదు కిలోల సంగతి. "నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది" అని అందరం వినే ఉంటాం. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 29 దేశాల్లో ఆరు వేల నాలుగు వందల మందికి పైగా మనుషుల శక్తి ఖర్చుని కొలిచి చూసింది. శరీర పరిమాణం, కండ లెక్కలోకి తీసుకుంటే, 20 నుంచి 60 ఏళ్ళ దాకా అది దాదాపు మారలేదు. ఆడవాళ్ళలోనూ అంతే. మరి బరువెందుకు పెరుగుతుంది? అమెరికాలో మూడు వేలమందికి పైగా నడివయసు స్త్రీలను ఏళ్ళ తరబడి అనుసరించిన స్వాన్ అధ్యయనం దీనికి కొంత జవాబిచ్చింది. బరువు సగటున ఏడాదికి ముప్పావు కిలోకి కాస్త తక్కువగా, నిలకడగా పెరుగుతూ వస్తుంది. కానీ నెలసరి ఆగే దశ మొదలయ్యేసరికి లోపల లెక్క మారుతుంది. కొవ్వు పెరిగే వేగం రెట్టింపవుతుంది, కండ తగ్గడం మొదలవుతుంది. తుంటి దగ్గర చేరాల్సిన కొవ్వు, ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడంతో పొట్టలోకి చేరుతుంది. తూకం పెద్దగా మారకపోయినా జాకెట్లు బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

ఏడాదికి ముప్పావు కిలో కొవ్వులో దాగిన శక్తిని 365 రోజులకి పంచి చూస్తే రోజుకి 15, 16 కేలరీలు వస్తాయి. ఒక చెంచా చక్కెరలో ఉండేంత. పిన్నికి మిగిలిన ఐదు కిలోలని రెండేళ్ళకి పంచినా రోజుకి 50 కేలరీల చుట్టూనే, మూడు చెంచాల చక్కెర. "నేను తినేది తక్కువే" అని ఆవిడ అన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. ఆవిడ అబద్ధమాడలేదు. అంత చిన్న తేడాని ఏ మనిషీ పళ్ళెం చూసి పట్టుకోలేరు. అది కడుపు మాడ్చుకుంటే సరిపోయే విషయం కూడా కాదు. కడుపు మాడిస్తే ముందు కరిగేదాంట్లో కండ కూడా ఉంటుంది, ఉన్న ఓపికా పోతుంది. ఈ వయసులో కావలసింది కండని కాపాడుకోవడం. పప్పు, పెరుగు, గుడ్డు, శనగలు, తినేవాళ్ళయితే చేపలు పెంచడం, నడకతో పాటు వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తే వ్యాయామం చేయడం. కుర్చీ మీంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం దగ్గర మొదలుపెట్టినా చాలు.

నిద్ర గురించి మాత్రం ఎవరూ అడగరు. రాత్రి రెండింటికి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి, చెమట పట్టి, ఫ్యాన్ పెంచుకుని కూర్చునే ఆడవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. తెగిన నిద్ర ఆకలిని పెంచుతుంది, మర్నాడు ఒళ్ళు కదలనివ్వదు. నెలసరి ఆగాక నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా, కూడా ఎక్కువవుతుంది. మగవాళ్ళలో అది గురకతో పట్టుబడుతుంది. ఆడవాళ్ళు చాలాసార్లు నీరసం, పొద్దున్నే తలనొప్పి అని చెబుతారు. అందుకే దొరక్కుండా పోతుంది. ఆవిర్లకి మందులున్నాయి, హార్మోన్ చికిత్స ఉంది. అందరికీ సరిపడదు కానీ, "భరించాల్సిందే" అనుకుని డాక్టరుని అడగకుండా ఉండాల్సిన పని లేదు. మనసులో దిగులు కూడా అలసటగానే బయటికొస్తుంది, దానికీ చికిత్స ఉంది. అయితే రక్తపరీక్ష కూడా చేయకుండా "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేస్తే ఆ మాటని నేను ఒప్పుకోను.

మన రెండు రాష్ట్రాలకి సంబంధించిన ఒక విషయం బాధతో రాస్తున్నాను. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది 8, 9 శాతం. చాలామందికి నలభై నిండకుండానే అయిపోతోంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఏళ్ళ తరబడి మెల్లగా రావాల్సిన మార్పు కొన్ని రోజుల్లో వచ్చిపడుతుంది. అండాశయాలు ఉంచినా అవి తొందరగా అలసిపోయే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ ఎప్పుడైంది, ఏమేం తీశారు అన్నది చాలామందికి తెలియదు. "పెద్దాపరేషన్ అయింది" అని మాత్రమే చెప్పగలరు. 38 ఏళ్ళ కూలీ మనిషి ఎముకల నొప్పులు, నీరసం అంటూ వస్తే ఆ డిశ్చార్జి కాగితం చాలా చెబుతుంది. ఆ కాగితం దాచుకోవాలి.

డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలే. కాబట్టి ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళడం మేలు. నెలసరి ఎన్ని రోజులకి వస్తోంది, ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఏ మాత్ర ఏ టైముకి దేనితో వేసుకుంటున్నారు, రెండేళ్ళ క్రితం బరువెంత. టీఎస్‌హెచ్‌తో పాటు రక్తంలో కణాల లెక్క, ఫెరిటిన్, మూడు నెలల షుగర్, విటమిన్ బీ12 గురించి అడగాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళుగా వాడేవాళ్ళలో బీ12 పడిపోవచ్చు.

కొన్నింటికి మాత్రం కాగితం రాసుకుంటూ కూర్చోకూడదు. నిన్నటిదాకా ఎక్కిన మెట్లకి ఇవాళ ఆయాసం రావడం, కొద్ది రోజుల్లోనే బరువు పెరిగి కాళ్ళు వాయడం గుండె, కిడ్నీ జబ్బుల సూచన కావచ్చు. ఆడవాళ్ళలో గుండెపోటుకి ముందు ఛాతీ నొప్పి కన్నా విపరీతమైన అలసటే కనిపించడం ఉంది. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ ఒక్క మరక కనిపించినా, "మళ్ళీ వచ్చిందిలే" అనుకోకుండా ఆ వారంలోనే స్త్రీల డాక్టరుకి చూపించుకోవాలి.