చూపులేని పిల్లలు దారి నేర్చుకునే తీరు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ తరగతిలో కొత్తగా చేరిన చూపులేని అమ్మాయి ఒక్కతే మెట్లు దిగి, మలుపు తిరిగి, తన గదికి వెళ్లిపోతుంటే ఆశ్చర్యంగా ఉందనీ, అది ఆమెకు పుట్టుకతో వచ్చిన శక్తి కాబోలనీ రాశారు. అది శక్తి కాదు, చదువు. ఆ చదువు చెప్పడంలోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది కనుక, అది ఎలా సాగుతుందో రాస్తున్నాను.

దీనిని ఓరియంటేషన్ అండ్ మొబిలిటీ అంటారు. నేను ఎక్కడ ఉన్నాను, చేరవలసిన చోటు ఎటు ఉంది అని తెలుసుకోవడం మొదటిది. అక్కడికి క్షేమంగా నడిచి వెళ్లడం రెండవది. చూసేవారికి చేతిలోని కర్ర కనిపిస్తుంది కాబట్టి రెండవదే పెద్ద విద్య అనిపిస్తుంది కానీ, నా అనుభవంలో మొదటిదే కష్టం.

మా మొదటి పాఠం ఒక గది. తలుపు దగ్గర బయలుదేరి గోడ వెంట నడవమంటాం. చెయ్యి కాస్త ముందుకు చాచి, వేళ్లు కొద్దిగా ముడిచి, వాటి వెనుకభాగం గోడకు ఆనేలా నడవాలి. వేలికొనలతో తడిమితే తలుపు సందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. నాలుగు గోడలూ తిరిగి మళ్లీ అదే తలుపును చేరుకున్నాక గది ఆకారం మనసులో నిలుస్తుంది. ఆ పైన గోడకు వీపు ఆనించి నిలబడి, తిన్నగా ఎదుటి గోడకు నడవడం నేర్పుతాం. చోటు మారని స్తంభం, కొళాయి, నేల నునుపు గరుకుగా మారే చోటు వంటివి ఆనవాళ్లు. వంటగది వాసన, గొంతుల సవ్వడి, చెంప మీద పడే ఎండ వంటివి జాడలు. ఇవి ఒకప్పుడు ఉంటాయి, ఒకప్పుడు ఉండవు కనుక ఆనవాలుతో సరిచూసుకోవాలి.

ఇప్పుడు వాడే పొడవాటి కర్ర పద్ధతి 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో, యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం రిచర్డ్ హూవర్ రూపొందించినది. కర్రను నడుము ఎదుట మధ్యలో పట్టుకుని, భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువగా అటూ ఇటూ ఆడిస్తూ, కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొన ఎడమవైపు నేలను తాకేలా, ఎడమకాలు పడేటప్పుడు కుడివైపు తాకేలా నడవాలి. అప్పుడు పాదం మోపబోయే ప్రతి చోటునూ కర్ర ఒక అడుగు ముందే పరీక్షించి ఉంటుంది. అయితే తల ఎత్తున వాలిన కొమ్మను, తెరిచి ఉంచిన కిటికీ రెక్కను కర్ర పట్టుకోలేదు. అందుకే తెలియని చోట రెండవ చేతిని ముఖానికి అడ్డుగా ఉంచమంటాం.

చెవి చేసే పని ఇంకా గొప్పది. ఎదురుగా గోడ ఉన్నట్టు చూపులేనివారికి ముఖం మీది చర్మమే చెబుతుందని ఒకప్పుడు అనుకునేవారు. 1944లో కార్నెల్ విశ్వవిద్యాలయంవారు ప్రచురించిన ప్రయోగాలలో, చెవులు మూసినప్పుడు అడ్డంకిని గుర్తించడం సాధ్యం కాలేదు. అడుగుల చప్పుడు గోడకు తగిలి తిరిగి రావడాన్నే చూపులేనివారు అంతకాలమూ వింటున్నారన్నమాట. రోడ్డు దాటడమూ చెవితోనే నేర్పుతాం: సిగ్నల్ ఉన్న కూడలిలో మన పక్కగా, మనం వెళ్లే దిక్కుకే వాహనాలు కదలడం మొదలైతే, అడ్డంగా వెళ్లేవి ఆగాయని సూచన. హోరువానలో ఆ తేడా వినబడదు కనుక అప్పుడు ఆగి సహాయం అడగాలి.

నేర్పేవారికి అన్నిటికన్నా కష్టమైనది మౌనంగా ఉండడం. మొదటి రోజులలో పిల్లవాడు దారి తప్పగానే పరుగెత్తి చెయ్యి పట్టుకునేవాణ్ణి; అది వారికి నేను చేసిన అన్యాయమని తరువాత తెలిసింది. ఒకసారి వరండాలో తప్పు మలుపు తిరిగిన పిల్లవాడు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. ప్రమాదమేమీ లేదు కనుక నేను నాలుగడుగుల వెనుకే ఆగాను. అతడు కొళాయి నీటిచుక్కల చప్పుడు విని, అక్కడికి వెళ్లి, దాని మీద చెయ్యి వేసి, వెనుదిరిగి సరైన దారి పట్టాడు. తప్పిన దారిని తానే సరిచేసుకున్న పిల్లవాడికి ఆ తరువాత కొత్త చోటంటే భయం తగ్గుతుంది.

మీ స్నేహితురాలి చెయ్యి పట్టి లాగకండి. సహాయం కావాలా అని ముందు అడగండి. కావాలంటే మీ మోచేతికి కాస్త పైన ఆమెను పట్టుకోనిచ్చి, మీరు అర అడుగు ముందు నడవండి. మీ శరీరం కదలికను బట్టే మెట్టు వచ్చిందని ఆమెకు తెలుస్తుంది. "అక్కడ", "ఇటు" అనకుండా కుడి, ఎడమ అని చెప్పండి. సంచులు దారిలో పెట్టకండి. తలుపును పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూయండి. బల్లలు జరిపితే ముందే ఆమెకు చెప్పండి. ఆమెను వదిలి వెళ్లవలసి వస్తే ఖాళీ స్థలం మధ్యలో కాక, గోడనో కుర్చీనో చేతికి అందించి, వెళ్తున్నానని చెప్పి మరీ వెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య