తునికాకు: తెంపే చేయి ఒకరిది, కార్డు మీద పేరు మరొకరిది

ఏప్రిల్, మే నెలల్లో ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా అడవి పల్లెల ఆడవాళ్లు తెల్లారకముందే బీడీలు చుట్టే తునికాకుకు పోతారు. ఎండెక్కితే తెంపిన ఆకు వాడి ముడుచుకుంటుంది, కట్టకు కుదరదు. ఇంటికి చేరాక 50 ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోస్తారు. వెయ్యి కట్టలు, అంటే 50,000 ఆకులు, ఒక స్టాండర్డ్ బ్యాగు.

మంచి ఆకు దానంతటదే రాదు. ఫిబ్రవరి, మార్చిలో పొదల్ని నేలమట్టంగా నరికితే సుమారు 45 రోజులకు మెత్తటి ఆకు కోతకొస్తుంది. నరకని పొద ఆకు మందం, గరుకు, బీడీకి పనికిరాదు. నరికే ఖర్చు తప్పించుకోవాలని నిప్పు పెడితే పక్కనున్న ఇప్ప మొలకలూ మాడిపోతాయి.

అసలు చిక్కు కల్లంలో. ముదురు, లేత, బొబ్బలు, చిల్లుల పేరుతో కల్లేదారు, అంటే కల్లంలో ఆకు లెక్కగట్టి తీసుకునే మనిషి, కట్టలు తీసేస్తాడు. కొసరంటూ మరికొన్ని లాగితే వాటికి కూలి ఉండదు. తీసుకున్నవి వరుసగా పేర్చి, నాలుగైదు రోజులకు తిరగేసి ఆరబెడతారు. ఈలోగా వాన పడితే ఆకు నల్లబడుతుంది. ఎండిన ఆకు పెళుసు కాబట్టి నీళ్లు చిలకరించి మెత్తబడ్డాకే బస్తాకెత్తాలి. తడి ఎక్కువైతే బూజు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టంతో ఆకు కొనుగోలు ప్రభుత్వ గుత్తాధిపత్యమైంది. ఆకు తెంపినవాళ్లు బయట అమ్ముకోలేరు. ఆకు సేకరణకు విడదీసిన అటవీ ప్రాంతాలు, అంటే యూనిట్లు, వేలంలో గుత్తేదార్లకు వెళ్తాయి. 1980ల్లో కట్ట రేటు పెరిగిందంటే నక్సలైట్ల నాయకత్వంలో సాగిన కూలి పోరాటాల వల్లే. వేలంలో మిగిలిన సొమ్ము బోనస్‌గా పంచే పద్ధతి తర్వాతి మాట.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకు మీద యాజమాన్య హక్కును అడవిలో బతికే గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీవాసులకు ఇచ్చింది. దంపతులైతే భూమి పట్టా ఇద్దరి పేరిటా ఇవ్వాలంది. ప్రాణహిత అవతల విదర్భలో 2013 నుంచి కొన్ని గ్రామసభలు ఆకును తామే వేలం వేసుకుంటున్నాయి (అక్కడ కట్టకు 70 ఆకులు). ఇవతల తెలంగాణలో మాత్రం యూనిట్ల వేలం అటవీశాఖదే. సేకరణ కార్డు చాలాచోట్ల మగవాళ్ల పేరిటే ఉండటంతో బోనస్ కూడా వాళ్ల ఖాతాలోకే పోతోంది. పట్టాలో ఉన్న ఉమ్మడి పేరు కార్డులోనూ ఉండాలి. కట్టలు లెక్కపెట్టి రాసుకున్న చీటీ అక్కడికక్కడే తెంపిన మనిషి చేతికివ్వాలి.